నల్లద్దం అలక

మా బుచ్చిరాజు మావయ్యని రూపాయి బిళ్లంత ఇత్తడి కట్టు ఒకటి దసరా నుంచి ఉగాది దాకా మూడు చెరువుల నీళ్లు తాగించిందని రాజోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరి సీసా మూతైనా రాకపోతే, "బుచ్చిరాజు గారికి పంపండి, వచ్చే ఉగాదికి ఊడుద్ది" అని నవ్వుతారు. ఆ మాట నిజమే. కాని అందులో ఒక ముక్క లేదు.

మావయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. బిగుసుకుపోయిన మర కనిపిస్తే ఆయన కాళ్లు ముందుకు పడవు. అది ఎవరిదని అడగడు, వాళ్లు పిలిచారా అని చూడడు. లాంతరు బుడ్డి గాని, ఊరగాయ సీసా గాని, సైకిలు నట్టు గాని, రొంటిన దోపుకున్న పాత ట్యూబు ముక్క తీసి సిద్ధమైపోతాడు. కొబ్బరినూనె గానుగ ఆయనది. అమ్మిన నూనె కన్నా ఊళ్లో మరలకి పోసిందే ఎక్కువని మా సత్తెమ్మత్త గోల.

ఆయన లెక్కలో మర బిగుసుకోదు, అలుగుతుంది. "అలిగిన అల్లుణ్ణి రెక్కట్టుకుని లాగుతావా? బతిమాలతావు. ఇదీ అంతే" అనేవాడు. బలం చూపించేవాళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. "నువ్వలా నొక్కితే గుండ్రంగా ఉన్నది కోలగా అయిపోద్ది. కోలగా అయింది ఇంకేం తిరుగుద్ది? చుట్టూ సమానంగా పట్టుకో. ముందు కాస్త బిగించు, ఆనక వదులు చెయ్యి. దాని మాటా కొంచెం నెగ్గనివ్వాలి."

ఒకసారి నరసాపురం వెళ్లే చుట్టాన్ని సాగనంపడానికి సఖినేటిపల్లి రేవుకి వెళ్లాడు. పడవలో ఒక ముసలాయన మరచెంబు మూత రాక దాహంతో అవస్థ పడుతున్నాడు. మావయ్య పడవెక్కేశాడు. వెళ్లవలసిన చుట్టం ఈయన్ని వెతుక్కుంటూ ఒడ్డునే ఉండిపోయాడు. సాగనంపవలసిన ఈయన నరసాపురం చేరాడు. సాయంత్రం ఇంటికి రాగానే అత్త అడిగింది.

"చుట్టం క్షేమంగా వెళ్లేరాండీ?"

"చుట్టం సంగతి తెలీదు గాని, చెంబు అలక తీరింది."

మా అమ్మ పోయాక నేను ఆ ఇంట్లోనే పెరిగాను. ఆరో తరగతి సగంలో ఉండగా అమ్మమ్మ వీరాయమ్మ గారు, "ఈడొచ్చిన పిల్ల పుస్తకాలేసుకుని వీధమ్మట తిరగడవేంటి?" అని నన్ను బడి మానిపించింది.  ఊళ్లో మూతలన్నీ తీసే మావయ్య అమ్మమ్మ ముందు మాత్రం నోరు తెరిచేవాడు కాదు. నేనూ ఎవరితోనూ మాట్లాడ్డం తగ్గించేశాను. ఎవరైనా వస్తే తలుపు వెనక్కి వెళ్లిపోయేదాన్ని.

యాభై అయిదులో, దసరా సెలవులయ్యాక, ఆడపిల్లల బడి నుంచి పుష్పలత టీచరు గారు మా ఇంటికి వచ్చారు. ఊరు విడిచి వెళ్లిపోతూ ఒక డాక్టరు గారు ఆ బడికి తన దుర్భిణీ ఇచ్చి వెళ్లారట. కన్ను పెట్టి చూసే చిన్న గొట్టానికి, పగలు సూర్యుణ్ణి చూడ్డానికని నల్లద్దం పొదిగిన ఇత్తడి కట్టు బిగించి ఉంది. ఉప్పుగాలికి అది పట్టేస్తే, ఆ గొట్టం పట్టుకొచ్చారు. నల్లద్దం ఊడితేగాని రాత్రిపూట చందమామ కూడా కనిపించదు.

"ఉగాది వెళ్లాక మా బడి పండగండి. పిల్లలకి చందమామని చూపిస్తానని మాటిచ్చేసేను" అన్నారు టీచరు గారు.

"ఉంచి వెళ్లండి, చూస్తాను" అన్నాడు మావయ్య.

మర్నాడు సాయంత్రం ఆవిడ వచ్చేసరికి మావయ్య గొట్టాన్ని చేతిలో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. "మామూలు అలక కాదండి ఇది. సొంతదారు ఎదురుగా ఉంటేగాని తీరదు. రోజూ బడవ్వగానే తవరొచ్చి కాసేపు కూచోవాలి."

"రోజూనా అండీ?"

"ఆయ్. అల్లుడలిగితే పక్కింటాయనొచ్చి బతిమాలితే ఊరుకుంటాడాండీ?"

ఆవిడ నవ్వి, అరుగు మీద చాప వేస్తే కూర్చున్నారు. మావయ్య గోరువెచ్చని నూనె రెండు బొట్లు వేసి, "లోపలికి దిగాలండీ. తొందరపడకూడదు" అని గోడకి చేరబడ్డాడు. నేను తలుపు వెనక బెల్లం కట్టిన పొట్లం కాగితం చదువుకుంటున్నాను. టీచరు గారు చూసేశారు.

"ఏం చదువుతున్నావమ్మా? ఇలా రా." నేను వెళ్లలేదు. ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకోబోయారు.

"లాగకండి టీచరు గారూ" అన్నాడు మావయ్య తలెత్తకుండా. "ఇంకా బిగుసుకుపోద్ది."

గొట్టం గురించి అన్నాడనుకున్నాను.

మర్నాడు టీచరు గారు నన్ను పిలవలేదు. గుమ్మంలో ఒక పుస్తకం పెట్టి ఊరుకున్నారు. ఆ మర్నాడు పలకా బలపం పెట్టారు. కొన్నాళ్లకి నేనే చాప అంచుకి వచ్చి కూర్చున్నాను. మావయ్యకి మాత్రం విసుగు. "ఆ లెక్కలు కాస్త మెల్లగా చెప్పండీ, మర బెదురుతోంది" అనేవాడు.

ఒకరోజు అమ్మమ్మ వీధిలోకి వచ్చి చూసింది. "ఇదేంట్రా, మళ్లీ చదువా?"

"నాకేం తెలుసే అమ్మా? ఆవిడకి ఊరికే కూచోడం చాతకాదు. తోచకపోతే వెళ్లిపోతారు. వెళ్లిపోతే మర ఊడదు. ఊడకపోతే ఊళ్లో నా పరువేం కాను?"

పరువు మాట వింటే అమ్మమ్మ మెత్తబడుతుంది. "అయితే ఒకటి. ఆ ముక్క ఊడిన రోజుతో ఆవిడ రాకా సరి, దీని చదువూ సరి."

ఇక చూడండి నా అవస్థ. మావయ్య నూనె వేసినప్పుడల్లా నేను అంతర్వేది నరసింహస్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని. నా మొర ఆయన ఆలకిస్తూనే ఉన్నాడు. "ఇవాళ మబ్బండి, ఇత్తడికి పడదు" అనేవాడు మావయ్య. ఇంకోరోజు, "వచ్చేసేదేనండి, ఎవరో తుమ్మేరు."

ఊళ్లో వేళాకోళాలు మొదలయ్యాయి. కొబ్బరికాయలు ఒలిచే వీర్రాజు మా అరుగెక్కి చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి బుచ్చిరాజు గారూ, ఒక్క పట్టు."

"ఒద్దురా, పాడైపోద్ది."

"నాకు ఊడిపోద్దేమోనని భయవాండీ?"

లాక్కున్నంత పనిచేశాడు. మావయ్యకి చెమటలు పట్టాయి.  వీర్రాజు మెడ నరాలు పొంగేదాకా నొక్కి తిప్పాడు. కట్టు కదల్లేదు. "కోలగా అవుద్దని చెప్పలా?" అని మావయ్య గొట్టం లాక్కుని పంచెతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొహం ఓడిపోయినవాడి మొహంలా లేదు. ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

చలి ముదిరాక చాప అరుగు మీంచి వసారాలోకి వచ్చింది. అమ్మమ్మే వేయించింది. నేను చరిత్ర పాఠం చదువుతుంటే, వత్తులు చేసుకుంటూ, "ఆ రాజు తరవాత ఏవయ్యేడే?" అని అడిగేది. అదను చూసి టీచరు గారు నెమ్మదిగా కదిపారు. "ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చండి. అమలాపురం తీసుకెళ్లి నేనే రాయిస్తాను."

అమ్మమ్మ వత్తి చెయ్యడం ఆపింది. మావయ్య మరింత శ్రద్ధగా ఇత్తడి తుడుస్తూ అన్నాడు. "వద్దంటే టీచరు గారు అలుగుతారేమోనే అమ్మా."

"మర అలిగింది, ఇప్పుడు టీచరమ్మ అలగాలా? నీ మూలంగా ఈ ఇంట్లో అలకలు ఎక్కువైపోయేయి. రాసెయ్యనీ!"

ఆఖరి పరీక్ష రాసి నేను బస్సు దిగి వచ్చేసరికి మావయ్య అరుగు మీద ఉన్నాడు.

"రాసేవా?"

"ఆయ్."

"అన్నీనా?"

"అన్నీ."

"అలాగా" అని ట్యూబు ముక్క కట్టు చుట్టూ చుట్టి, రెండు వేళ్లతో తిప్పాడు. కిర్రుమని కూడా అనలేదు. నల్లద్దం ఊడి ఆయన అరచేతిలో పడింది. "తీరింది అలక" అన్నాడు.

బడి పండగనాడు పిల్లలందరూ చందమామని చూశారు. అమ్మమ్మ కూడా ఒక కన్ను మూసి చూసి, "అయ్యో, మశూచి పోసిందే పాపం!" అంది. అక్కడే వీర్రాజు పదిమందిలో, "ఉగాది దాకా పట్టింది కదండీ తవరికి!" అన్నాడు. "ఆయ్, నిజవే. ఓడించేసిందిరా" అని మావయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు.

నేను పాసయ్యానని తెలిసిన రోజు అమ్మమ్మ ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది. వచ్చి కూర్చుని, కాళ్లు నొక్కుకుంటూ మావయ్యని అడిగింది. "ఒరే, ఆ టీచరమ్మ దగ్గర అలిగినవి ఇంకేం లేవంట్రా?"

సత్తెమ్మత్త నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఎందుకు నవ్వుతున్నావని నేను వెనకాలే వెళ్లి అడిగాను.

"పిచ్చిదానా! మొదటిరోజు టీచరు గారు వీధి మలుపు తిరిగేరో లేదో, అది ఊడి మీ మావయ్య చేతిలోకి వచ్చేసింది. నేను కేకేసి ఆవిణ్ణి పిలవబోతే నా నోరు మూసేసేరు. మళ్లీ ఆయనే బిగించేరు."