మేనేజింగ్ డైరెక్టర్‌తో మధ్యాహ్నం భోజనం

నిన్న పొద్దున మా పాత బ్యాంకు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో రత్న ఫోటో వచ్చింది. నల్ల కోటు, పక్కన కంపెనీ లోగో, కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు.

మళ్ళీ ఏదో అవార్డు వచ్చినట్టుంది అనుకుని, చదవకుండానే "కంగ్రాట్స్ మే రత్నా" అని పెట్టేశాను. రెండు చప్పట్లు కూడా.

గ్రూపులో ఒకమ్మాయి వెంటనే ఫోన్ చేసింది. "పద్మక్కా, అది తీసెయ్. రత్న మేడం చనిపోయినారంట."

తీసేశాను.



నిద్రలోనే గుండె ఆగిపోయిందట. బొంబాయిలో, ఫ్లాట్‌లో ఒక్కతే ఉండగా.

మీలో చాలామందికి ఆమె పేపర్లో కనిపించే గ్రేస్ రత్నకుమారి. పెద్ద ఫైనాన్స్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్.

నాకు మాత్రం నంద్యాల నుంచి రోజూ బస్సులో ఆళ్ళగడ్డ బ్రాంచికి వచ్చే టీచర్ గారి అమ్మాయి. ఇద్దరం ఒకేసారి క్లర్కులుగా చేరాం. పక్కపక్క కౌంటర్లు. మధ్యాహ్నం వెనక గదిలో అందరం ఒకే టేబుల్ మీద బాక్సులు విప్పేవాళ్ళం. తన బాక్సు తను తినడం నేనెప్పుడూ చూడలేదు. నా జొన్నరొట్టె లాక్కుని, తన పులిహోర నా ముందుకు తోసేది.

ఆఫీసర్ పరీక్ష ఇద్దరం పాసయ్యాం.

బ్యాంకులో ప్రమోషన్ అంటే ట్రాన్స్‌ఫర్. మా ఆయనకు ఆళ్ళగడ్డలో ఎరువుల అంగడి. నేను ప్రమోషన్ వద్దని రాసిచ్చాను. రత్న ఒడిశా పోయింది.

"నువ్వు రాసిచ్చేసినావు. నాకు వద్దని రాసేకి చెయ్యి రాలేదే," అంది బస్టాండులో.

ఆ తర్వాత మేనేజర్, రీజినల్ మేనేజర్, జనరల్ మేనేజర్. చివరికి ఈ ప్రైవేటు కంపెనీ. మధ్యలో పెళ్ళి ఊసెత్తితే, "యా ఊర్లో చేసుకోవాలో చెప్పు" అనేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

జనరల్ మేనేజర్ హోదాలో ఒకసారి నంద్యాల బ్రాంచికి వచ్చింది. అప్పటికి నేనూ అక్కడే ఉన్నాను, క్లర్కుగానే. బొకేలు, శాలువాలు, ఫోటోలు. మధ్యాహ్నం మీటింగ్ హాల్లో తనొక్కదానికే ప్లేటు పెట్టారు. ఆఫీసర్లందరూ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన నెయ్యి పోస్తాడు, ఒకాయన నీళ్ళు పోస్తాడు.

నాకు ఒళ్ళు మండింది.

నా బాక్సు తీసుకుని పోయి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా మేనేజర్ మొహం మాడిపోయింది.

రత్న నా రొట్టె తుంచుకుంది. కాసేపటికి నాకు మాత్రమే వినపడేట్టు అంది:

"పైకి పోయేకొద్దీ నా పక్కన కూచొని తినేవాళ్ళే లేకుండా పోయినారు మే."

మరుసటి రోజు మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది.

"ఏం తింటాండావ్?"

ఆ రోజు నుంచి దాదాపు రోజూ అంతే. ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టుకుని తినేవాళ్ళం. బోర్డు మీటింగుల గురించి తను చెప్పేది కాదు, నేను అడిగేదాన్నీ కాదు. కూరలో ఉప్పెక్కువైందా, పుచ్చు లేని వంకాయలు దొరికాయా, ఇవే మా మాటలు.

మా ఆయన పోయిన కొత్తలో నాకు అన్నం ముందు కూర్చోవాలంటేనే ఏడుపొచ్చేది. రత్న అక్కడ చెంచా పట్టుకుని "నువ్వు తింటేనే నేను తింటా" అని మొండికేసేది. ఎవరో తలుపు కొడితే "వెయిట్!" అని అరిచేది. ఇన్నాళ్ళూ తనకు నేనేదో తోడున్నానని గొప్పలు పోయాను. నిజానికి తనే నాకు తోడు.

రిటైర్ అవ్వవే అంటే ప్రతిసారీ ఎక్స్‌టెన్షన్ తీసుకునేది. తిట్టేదాన్ని. "ఇంటికి పోయి ఏం చేయాల్నో తెలీదు మే" అనేది.

పోయిన వారం మాత్రం, "ఈసారి నేనూ వద్దని రాసిచ్చినా. మీ వీధిలో నాకొక ఇల్లు చూడు. బేగా చూడు" అంది.

చూశాను. మా ఇంటికి ఎదురుగానే దొరికింది.

ఈరోజు సమాధి కార్యక్రమం బొంబాయిలోనే చేశారు. కంపెనీ వాళ్ళు లింక్ పంపారు. అందరూ కోట్లు వేసుకుని వచ్చి, గొప్ప లీడర్ అన్నారు. ఒక్కరైనా ఏడుస్తారేమోనని చివరిదాకా చూశాను.

ఇందాక ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. "సున్నం కొట్టించినానమ్మా. మేడం ఎప్పుడొస్తాండారు?"



"వస్తుందిలే అప్పా," అన్నాను.

రత్నా, నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. అయినా పోయిరా తల్లీ. ప్రభువు నీకు విశ్రాంతి ఇవ్వాలి.