లెక్కల సారు తాళం తీయించిన కంప్యూటర్ గది

మా లెక్కల సారు పోయారన్న మాట సిద్దిపేట బస్సులో ఉండగా ఫోన్‌లో చదివాను. గుండెపోటట. బడి వాట్సాప్ గ్రూపులో కిందంతా దండం పెట్టే బొమ్మలే. బతికుండగా ఆయన్ను నోటికొచ్చినట్టు అన్నవాళ్లే ముందు పెట్టారు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

ఆయన లెక్కలు, నేను సాంఘికం చెప్పే ఈ బాలికల బడిలో కంప్యూటర్ గదికి చాలాకాలం తాళమే. కంప్యూటర్లతో వచ్చిన ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు గడువు తీరింది. దొంగ కాపీ వేయిద్దామన్నారు హెడ్మాస్టరు. సారు ఒప్పుకోలేదు.

"పరీక్షల కాపీ కొడితే పిల్లలను బయటికి పంపుతం. గదే పని మనం చేస్తే ఎట్ల సారూ?"

తాళం తీయించి, ఆదివారమంతా కూర్చుని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లన్నింటిలోనూ ఎక్కించారు. మెనూలు తెలుగులో పెట్టారు; ఫైల్ అని ఉండే చోట దస్త్రం అని వచ్చింది.

"దస్త్రం అంటే ఏంది సారూ?" అని ఒక పిల్ల అడిగింది.

"మీ బాపు తాసిల్ ఆఫీసుకు పోతే దస్తరం తీస్తరు సూడు, గదే. గిప్పుడు నువ్వే తియ్యి" అని నవ్వారు.

సుద్దపొడి చేతిని ప్యాంటుకు తుడుచుకుంటేగానీ మౌస్ ముట్టేవారు కాదు. ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా ఆ సాఫ్ట్‌వేర్ కాపీ చేసిచ్చి, "ఇది దాసుకునేది కాదు, పంచుకునేది" అనేవారు.

పై ఆఫీసు పంపే ఫారాలు ఇందులో తెరిస్తే గీతలు పక్కకు జరిగేవి. "ఏం సారూ, నీ ఫ్రీ సామానుతోని మా పానం తీస్తున్నవ్!" అని అక్కడి అధికారి ఫోన్‌లో అరిచేవాడు. సారు ప్రతిసారీ కూర్చుని గీతలు సరిచేసి పంపేవారు. ఆ ఓపిక మీద నాకు ఇప్పటికీ కోపమే.

సంతాప సభలో ఆ అధికారే ఆయన్ను మహానుభావుడన్నాడు. ఫొటోకు దండ వేశారు, మౌనం పాటించారు, టీ తాగారు. ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ షాపు మనిషి దిగాడు.

"సారు పెట్టినయన్ని తీసేసి కాపీది ఎయ్యమన్నరు మేడం."

సారు పోయి వారం తిరగలేదు. వీళ్లకు సిగ్గనేది ఉందా? హెడ్మాస్టరుతో గొంతు చించుకున్నాను. "పై నుంచి చెప్పిన్రు, నేనేం చెయ్యాలె?" అన్నారాయన, నా మొహం చూడకుండా.

కంప్యూటర్ గదికి తిరిగి వచ్చేసరికి చాలావాటిలో పని అయిపోయింది. వాటి ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కిటికీ పక్కన మిగిలిన రెండింటి ముందు ఆడపిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు అన్నట్టు ఇరుక్కుని కూర్చుని టైపు చేస్తున్నారు. వెనక షాపు మనిషి పెన్‌డ్రైవ్ పట్టుకుని, "లేవుండ్రమ్మా, జర లేవుండ్రి" అని బతిమాలుతున్నాడు.

ఒక్కతి కూడా లేవలేదు.