మంచు కింద మంచు

యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం. తబూక్‌లో మా ఇంటి కిటికీ అద్దాల మీద, బాంబులకు పగలకుండా అంటించిన టేపు మరకలు ఇంకా పోలేదు. జబల్ లౌజ్ కొండ మీద మోకాలి లోతు మంచు పడిందని మా ఆయన ఆఫీసులో ఒకటే సందడి. ఎడారి దేశంలో మంచు మీద జారే స్కీలు దాచుకున్న మహానుభావుడొకడు అక్కడున్నాడు, ఆస్ట్రియా ఇంజనీరు. ఆయన వెంట మా ఆయన, ఇంకో ఇద్దరు, స్కీల అడుగున జారకుండా పట్టీలు అంటించుకుని ఎక్కారు. నన్ను రావద్దన్నారు కాబట్టి నేనూ వెళ్లాను, బురఖాలాంటి అబాయాను కాసెలా ఎగదోపుకుని, వాళ్ల జాడల్లో నడుస్తూ.

శిఖరం కింద నిటారు వాలొకటి అడ్డంగా దాటాలి. మంచు పెళ్లలుగా విరిగి మనుషుల్ని ఈడ్చుకుపోతుందేమో చూడ్డానికి ఇంజనీరు పక్కన గుంట తవ్వి, మంచును స్తంభంలా కోసి, దాని మీద పార పెట్టి తట్టాడు. మణికట్టుతో తడితే కదల్లేదు. మోచేతి నుంచి తట్టేసరికి పైపలక చటుక్కున ఊడి జారింది.

"అనుమానంగానే ఉంది. ఒక్కొక్కరుగా దాటొచ్చేమో. ఎవరైనా ఒక్కరు వద్దంటే చాలు, అందరం వెనక్కే. మా పద్ధతి అది," అన్నాడు ఇంగ్లిషులో.

"ముందు నేను వెళ్తా," అన్నారు మా ఆయన.

నేను గుంటలో చెయ్యి పెట్టాను. అడుగు పొర పంచదారలా రాలింది.

"అడుగున మంచు వేరుగా ఉందండీ. ఆవాలు పోసి పైన పీట వేసినట్టుంది. వెళ్లొద్దు."

"మంచు కింద మంచు కాక మినపట్టుంటుందా? వంటిల్లు ఇక్కడికీ మోసుకొచ్చావా తల్లీ!" అని, అదే మాట ఇంగ్లిషులోనూ చెప్పారు. ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు.

అంత చలిలోనూ నా చెవులు కాలిపోయాయి. ఇంజనీరు భాషలో ఆ పొరలకు వేర్వేరు పేర్లున్నాయి. మనకు పొద్దున్నే కమ్మేదీ మంచే, కురిసేదీ మంచే, గడ్డకట్టేదీ మంచే. కాలనీలో ఎవరినీ వాదనలో గెలవనివ్వని డిగ్రీదాన్ని, ఒక్క మాట దొరక్క నిలబడ్డాను. మా ఆయన ఒక స్కీ వాలు మీద పెట్టేశారు.

"నో!" అని అరిచాను.

ఇంజనీరు మారుమాట లేకుండా పార మడిచాడు. అందరూ వెనుదిరిగారు.

"ఆఫీసులో నా పరువు మంచులో కలిపావు కదే," అని మా ఆయన దారంతా పళ్లు నూరారు. ఏ మంచులో అని అడగాలనిపించింది. తలొంచుకుని దిగాను.

కారు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఆ వాలు ఎండలో నిమ్మకు నీరెత్తినట్టుంది. ఒక్క మంచుపెళ్ల అయినా రాలితే బాగుండునని అనుకున్నాను. అలా అనుకున్నందుకూ సిగ్గేసింది.

ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా ఆయన మినపట్టు కథ ఎత్తుకుంటారు. ప్రతి మాటకూ అడ్డు తగిలేదాన్ని, అప్పుడు మాత్రం పళ్లేలు తీసుకుని వంటింట్లోకి పోతాను. జారని కొండను సాక్ష్యానికి పిలవలేను కదా. ముందుగదిలో ఆయన గొంతు ఖంగుమంటూ ఉంటుంది. చెప్పనీ.