కంచి బల్లిని ముట్టుకున్న చెయ్యి

పక్కింటి వదిన పోయిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినట్టు మా కోడలు చెప్పేసరికి నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఆమె మాట పూర్తయ్యిందో లేదో గోడ మీద బల్లి పలికింది. మాట మీద బల్లి పలికితే ఆ మాట నిజమంటారు. వెంటనే "సత్యం, సత్యం" అంటూ వేలితో నేల తట్టాలి. నేను తట్టలేదు. తట్టకపోతే నిజం కాకుండా పోతుందేమోనని చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

పట్నం శివారు తూంకుంటలో మా కాలనీ అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో వాళ్ళు పక్కన దిగారు. కోస్తా వాళ్ళు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, గడ్డి. పొద్దుగూకి ట్యూబ్‌లైటు వేస్తే పురుగంతా మా గోడలకే. వాళ్ళాయన ఆఫీసుకు, మా ఇంట్లో అందరూ పనులకు పోతే పగలంతా ఆ వీధికి మేమిద్దరమే.

మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు గోడ మీద పెద్ద బల్లి కనబడితే నేను చీపురు ఎత్తాను.

"అయ్యో వదినగారూ, దించండి! అది మా పెద్దది. ఇంకా ఏమీ తినలేదు."

"బల్లికి బువ్వ వెడ్తవా వదినా? గిదేం పిచ్చి!"

"కుక్కకి పెడితే పిచ్చి కాదు గానీ!"

అట్లా ఆమె పెంచినవి మూడు: పెద్దది, మొండితోక, పిల్ల. పెద్దది కదిలేదే తినేది. చచ్చిన పురుగును పెడితే కన్నెత్తి చూసేది కాదు. దాన్నే చీపురుపుల్ల కొనకు గుచ్చి ఆడిస్తే గబుక్కున అందుకునేది. మొండితోకకు తీపి ఇష్టం. డబ్బా మూతలో నలిపిన అరటిపండు పెడితే నాకుతూ ఉండేది. పిల్లకు దోమలు చాలు. నల్ల చీమ ఎదురైతే మూడూ పక్కకు తప్పుకునేవి. "పుల్లగా ఉంటుందేమో," అని వదిన అనుమానం. రెక్కల పురుగు దొరికితే పెద్దది గోడకేసి కొట్టి, రెక్కలు రాలాకే మింగేది. "చూశారా, మా ఆయన కరివేపాకు ఏరినట్టే!" అని నవ్వేది. తొలకరికి ఉసుళ్ళు లేచిన సాయంత్రం పీట వేసుకుని చూస్తూ పొయ్యి మీద అన్నం మరిచిపోయేది.

నాకు మాత్రం చూసినంతసేపూ గుండె దడే.

"పాలల్ల వడ్తేనో? కూరల్ల వడ్తేనో?"

"మూత పెట్టడం మన పని, పాకడం దాని పని. ఏం తింటుందో తెలిస్తే దానంటే భయం సగం పోతుంది, వదినగారూ."

"మరి నా భయం ఎందుకు పోతలేదు?"

"మీకు దిగులే తిండి. అదీ రోజూ కొత్తది కావాలి. నిన్నటిది ముట్టరు."

ఒకనాడు మా వంటింట్లో బల్లి నా నెత్తి మీదనే పడింది. నెత్తి మీద పడితే చావేనని పంచాంగంలో ఉంటుందని విన్నాను. వాళ్ళింటికి ఉరికాను. వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుని నా ముందు చాపింది.

"కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చిన చెయ్యి ఇది. పట్టుకోండి. ఇంకేం దోషం? పోయింది."

కంచి బల్లిని ముట్టినవాళ్ళను ముట్టుకున్నా దోషం పోతుందన్నది మనందరి నమ్మకమే కదా. ఆనాటి నుంచి బల్లి పడితే వదిన చెయ్యి. పిల్లి ఎదురైతే వదిన చెయ్యి. మేడ్చల్ పోయిన కొడుకు చీకటి పడ్డా రాకపోతే కూడా ఆమె చెయ్యే. తర్వాత తర్వాత ఆమె అడిగేది కూడా కాదు. ఒక చేత్తో పుల్ల ఆడిస్తూ రెండోది వెనక్కి చాపేది. ఏళ్ళ తరబడి అట్లాగే గడిచింది.

మొన్న పదో రోజుకు పోయాను. అంతకు ముందు రోజే నా భుజం మీద బల్లి పడింది. అడగకూడని చోట అడిగాను.

"అన్నా, కంచిల మీరు గూడ బల్లిని ముట్టుకున్నరా?"

వాళ్ళాయన అర్థం కానట్టు చూశారు. "కథ కంచికి వెళ్ళడమే గానీ మేమెక్కడ వెళ్ళామమ్మా? వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే..." అని కళ్ళు తుడుచుకున్నారు.

నాకు కోపం రాలేదు. కొత్త దిగులు వచ్చింది. కంచికి పోని చేతిని ఇన్నేళ్ళు పట్టుకున్నాను. మరి నా మీద పడ్డ దోషాలన్నీ ఎక్కడికి పోయాయి? ఆ చేతికే అంటుకున్నాయా? ఇట్లాంటిది వచ్చినప్పుడు ఉరికి పోయి అడగడానికి ఉన్నది ఆమె ఒక్కతే.

వాళ్ళాయన ఇల్లు తాళం వేసి ఊరికి పోయారు. పక్కింట్లో దీపం లేకనేమో, నిన్న సాయంత్రం మొండితోక మా గోడకు వచ్చింది. చీపురు ముట్టలేదు. డబ్బా మూతలో అరటిపండు నలిపి పెట్టి దూరంగా కూర్చున్నాను.

"వదినా, నా నుంచి నీకేం కాలేదు గదా?" అని పైకే అన్నాను.

తట్టడానికి వేలు నేలకు ఆనించి పెట్టుకున్నాను. బల్లి పలకలేదు. అరటిపండు నాకుతూనే ఉంది.