బస్సేం రాదు చిన్నాయనా

నిన్న పొద్దున జగిత్యాలలో కాలేజీకి బయల్దేరుతుంటే కోరుట్ల నుంచి ఫోన్. చిన్నాయన నిద్రలోనే పోయాడట.

ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఆదివారమే మాట్లాడాను. బీరకాయ కూర బాగా కుదిరిందని దాని గురించే చాలాసేపు చెప్పాడు.

మా నాన్న తమ్ముడు. రాజేశం. పనిచేసింది మస్కట్‌లో, కానీ ఊళ్లో అందరికీ దుబాయ్ రాజేశమే. కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంట్లో పుట్టి, ఆ పని మీద ఇల్లు గడవక, మీసాలు వచ్చీరాకముందే విమానం ఎక్కాడు. తల నెరిశాక, మొన్న మొన్ననే తిరిగొచ్చాడు.

నిన్నటి నుంచి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "పాపం, ఏం సుఖపడ్డడు."

వింటుంటే ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది.

ఆయన సుఖపడ్డాడు. నేను చూశాను.

రోజూ పొద్దున సంచి పట్టుకుని మార్కెట్‌కు నడిచేవాడు. ఆ పూటకు సరిపడా ఒక్క కూరగాయే తెచ్చేవాడు. ఫ్రిజ్ ఉంది కదా, ఒకేసారి తేరాదా అని చిన్నమ్మ విసుక్కునేది. మస్కట్ లేబర్ క్యాంపులో ప్రతి శుక్రవారం వారానికి సరిపడా తెచ్చుకుని బతికిన మనిషి. రేపు ఏం తినాలో ఇవాళే తేల్చుకోనక్కర్లేకపోవడం, అదే ఆయనకు లగ్జరీ.

ఇంకొకటి, వేడి అన్నం.

అక్కడ తెల్లారకముందే వండి, డబ్బాలో పెట్టుకుని కంపెనీ బస్సు ఎక్కాలి. మధ్యాహ్నం మూత తీస్తే పులిసిన వాసన. ఏళ్ల తరబడి అదే తిండి. అందుకే ఇక్కడ గంజి వార్చగానే పళ్లెం ముందు కూర్చునేవాడు. ఆవిరి మొహానికి తగలాలి. ఊదుకుంటూ, వేళ్లు కాల్చుకుంటూ తినేవాడు.

కిందటేడు ఆయన్నీ చిన్నమ్మనీ కారులో కొండగట్టు అంజన్న గుడికి తీసుకెళ్దామని వచ్చాను. అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. రష్ అయిపోతుందని నేను ఒకటే తొందరపెడుతున్నాను.

తల కూడా ఎత్తలేదు.

"బస్సేం రాదు బిడ్డా. కూసో, నువ్వు గూడ గింత తిను."

తిన్నాను. ఆలస్యంగా వెళ్లి పెద్ద లైన్‌లో నిలబడ్డాం. ఆయన ఆ లైన్‌లో కూడా సంతోషంగానే ఉన్నాడు.

కానీ ఆయన్ని అట్లా ఎవరు ఉండనిచ్చారు? మా మేనత్త కొడుకు, సిరిసిల్ల బావ, వచ్చినప్పుడల్లా షాపు పెట్టమనేవాడు. అంత దేశం తిరిగి ఖాళీగా కూర్చుంటావా మామా అని.

"కూసునుడే నేర్సుకుంటున్న అల్లుడా. గిది గూడ పనే."

నాకూ అనుమానం వచ్చేది. అది నిజంగా తృప్తేనా? లేక అలసిపోయి మిగిలిన మనిషిని చూసి నేనే దానికి తృప్తి అని పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తెలియదు. ఒక జీవితానికి ఈ కాస్త సరిపోతుందా అని కూడా అడుగుతుంటాను. వయసంతా అక్కడే కరిగిపోయిందన్న కోపం ఎవరి మీద చూపించాలో అసలే తెలియదు.

ఆ పళ్లెం ముందు ఆ మొహం మాత్రం అబద్ధం కాదు.

రేపు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తాం కదా. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు.

బావ అప్పుడే అన్నీ ఆర్డర్ చెప్పేస్తున్నాడు. మటన్ బిర్యానీ, ఫారిన్ మందు, ఖర్జూరాలు. దుబాయ్ మనిషికి తక్కువ చేస్తామా అంటాడు. ఖర్జూరాలు చూస్తేనే మొహం తిప్పుకునేవాడు మా చిన్నాయన!

వేడి అన్నం, బీరకాయ కూర చాలన్నాను. పొయ్యి పిట్టకు పెట్టే చోటికే తీసుకెళ్లి వండుదామన్నాను.

బావ నవ్వాడు. "సదువుకున్నదానివి, గట్ల మాట్లాడుతవేంది? కాలే బువ్వ కాకి ముడ్తదా? గీ ఎండల ఎంతసేపు నిలబడాలె?"

నేనూ ఊరుకోలేదు. మాటా మాటా పెరిగింది. పక్కింటి వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నమ్మ అంది.

"వేడిదే పెట్టుండ్రి. సల్లారేదాక నేను కూసుంట. తొందరున్నోళ్లు పోండ్రి."



పొయ్యి, గిన్నె, బీరకాయలు నేనే తీసుకెళ్తున్నాను. ఆ పూటకు సరిపడా మాత్రమే.

ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి చిన్నాయనా.

ఊదుకుంటూ తిను.

బస్సేం రాదు.