పసుపు బనీను మీద ఎర్ర వేలిముద్ర

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా పెడన వీధిలో ఎవరికైనా పూనకం వస్తే అందరూ వేపమండల కోసం పరిగెత్తేవారు. నేను చెంబుడు చన్నీళ్ళు తెచ్చి మొహాన కొట్టేదాన్ని. అలాంటిదాన్ని చెబుతున్నాను కాబట్టి చూసింది చూసినట్టే చెబుతాను, ఒక్క ముక్క కలపను.

మాది అద్దకం ఇల్లు. అరవయ్యో దశకం మొదట్లో సంగతి. మా ఆయన చెక్క అచ్చుని గుడ్డ మీద పెట్టి, పిడికిలితో కొట్టి అద్దేవారు. ఆ గుడ్డల్ని రాగి గంగాళంలో ఉడకబెట్టడం నా పని. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళతో అద్దుతారు. పటికకి రంగుండదు. అది ఎక్కడ తగిలిందో రంగునీళ్ళలో ఉడికితేగానీ తెలియదు, తగిలిన చోటే ఎర్రబడుతుంది. అందుకే మా ఇంట్లో పటిక చెయ్యి కడుక్కోకుండా ఏ గుడ్డా ముట్టుకోకూడదు. ఆ నియమం మా మావయ్య గారు పెట్టింది.

మావయ్య గారంతటి పనివాడు చుట్టుపక్కల లేడని నేననడం కాదు, ఊరంతా అనేది. గుడ్డ పూర్తయ్యాక ఒక మూల బొటనవేలు పటికలో ముంచి నొక్కేవారు. అదే ఆయన సంతకం. అప్పటికి ఎవరికీ కనబడదు, నేను ఉడకబెట్టి తీశాక ఎర్రగా తేలేది. చిన్నప్పుడు ఉలి తగిలి ఆ వేలికి అడ్డంగా గాటు పడింది. ముద్రలో ఆ గాటు తెల్లగా కనబడేది.

కొడుక్కి పని చెప్పేటప్పుడు వెనక నిలబడి, కుడి రెక్క ఎముక పైన ఆ బొటనవేలే గట్టిగా గుచ్చేవారు. "దెబ్బ మణికట్టులోంచి కాదురా, ఇక్కణ్ణుంచి రావాలి" అనేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను కూడా చూశాను.

ఆయన పోయిన ఏడాదికి మా ఆయనకి సరిగ్గా ఆ కుడి భుజమే పట్టుకుంది. పైకి వాపు లేదు, దెబ్బ లేదు. లోపల వెనకవైపు ఎక్కడో ఒకటే సలుపు. చెయ్యి పక్కకి లేవదు, దువ్వెన పట్టుకోలేరు. పిడికిలిలో జోరు తగ్గి అచ్చు సగమే పడేది. తైలాలు రాశాం, ఉప్పు కాపడాలు పెట్టాం. చివరికి బందరు ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడ డాక్టరమ్మ గారు నాగాయలంక వైపు అమ్మాయి, చిన్న వయసు. ఎక్స్‌రే తీయించింది, ఎముక బాగానే ఉంది. కీలు పట్టేసిందనుకుని మందులిచ్చింది. రెండు నెలలు తిరిగినా గుణం లేదు. ఆవిడ తప్పేమీ లేదండీ. మా మహానుభావుడు ఆడమనిషి ముందు చొక్కా విప్పనని భీష్మించుకున్నారు! పాపం ఆవిడ చొక్కా మీదే, అదీ ముందువైపు నుంచే చూసి పంపేది.

ఇక పని చేతకాదని ఆయన నిశ్చయించుకున్నారు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని కుదుర్చుకున్నారు. వాళ్ళ నాన్న అచ్చులన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశారు. సోమవారం ప్రయాణం. నేను ఏడవలేదు కానీ, ఆ రెండ్రోజులూ వంటింట్లో గిన్నెలు మోగించాను.

శనివారం పొద్దున, ఎప్పుడో అద్ది మిగిలిపోయిన గుడ్డలతో ఆఖరి గంగాళం పెట్టాను. ఆయన బనీను తైలంతో జిడ్డోడుతోంది. అద్దకానికి ముందు కరక్కాయ రసం పట్టించిన పసుపు గుడ్డ ముక్క మిగిలితే నెల్లాళ్ళ కిందటే నేను కుట్టిన బనీను అది. జిడ్డన్నా వదులుతుందని అందులో పడేశాను. కాలవలో జాడించి ఆరేస్తుంటే, వీపున కుడివైపు ఒకే ఒక్క ఎర్ర వేలిముద్ర!

నాకు ముందొచ్చింది కోపమే. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా ఇదొకటా అని, పటిక చెయ్యి ఎవరు పెట్టారని ఇల్లు పీకి పందిరేశాను.

"నేను పటిక ముట్టుకుని మూడు నెలలైందే. పైగా ఈ చెయ్యి వీపు మీదికి వెళ్తుందా?" అన్నారాయన.

అప్పుడు దగ్గరగా చూశాను. ముద్ర మధ్యలో అడ్డంగా ఎరుపు పట్టని గాటు. పెట్లోంచి మావయ్య గారు అద్దిన దుప్పటి తీసి, మూలనున్న ముద్ర పక్కన పెట్టాను. అదే వేలు. ఆయన చూసి, "నాన్నదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

సోమవారం ఉయ్యూరు బస్సు ఎక్కనివ్వలేదు. ఆ బనీనే తొడిగి బందరు తీసుకెళ్ళాను. చొక్కా నేనే విప్పించి, "ఇక్కడ చూడండమ్మా" అని డాక్టరమ్మకి ముద్ర చూపించాను. ఆవిడ మొదటిసారి ఆయన వెనక్కి వచ్చి, ముద్ర మీద వేలు పెట్టి నొక్కింది. ఈయన పెట్టిన కేకకి బయట వరసలో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అది కూడా విప్పండి అన్నయ్య గారూ. ఇంకా మొహమాటపడితే నేనూరుకోను" అందామె.

విప్పారు. రెక్క ఎముక గట్టుకి పైనా కిందా కండ కరిగి గుంటలు పడ్డాయి. తైలం రాసేటప్పుడు అక్కడ నూనె నిలవడం నేను చూశాను, మనిషి చిక్కిపోయాడనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. మోచెయ్యి డొక్కకి ఆనించి చెయ్యి బయటికి తొయ్యమంది. బలమే లేదు.

"భుజానికి వెళ్ళే నరం ఒకటి ఇక్కడ ఎముక గాడిలోంచి పోతుందమ్మా. అది నలిగిపోతోంది. మనం కీలు పట్టుకుని కూర్చున్నాం" అని చెప్పింది. బరువులు మోస్తారా అని అడిగింది. మొయ్యకేం, తడి గుడ్డల కావడి కాలవ నుంచి రోజూ ఆ భుజం మీదే!

ఆ ముద్ర ఉన్న చోటే, నరం దగ్గరికి తిమ్మిరి మందు సూది వేసింది. పావుగంటకి ఆయన, "సలుపు లేదే!" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "నొప్పి పోయిందంటే దొంగ దొరికినట్టే" అని డాక్టరమ్మ కూడా సంబరపడింది. కావడి మానెయ్యమంది, చేతికి కసరత్తులు నేర్పింది, వ్యవధి ఇచ్చి మరి రెండు సూదులు వేసింది. తగ్గకపోతే ఆపరేషన్ అంది. ఆ అవసరం రాలేదు. ఆరు నెలలకి చెయ్యి లేచింది. గుంట మాత్రం పూర్తిగా పూడలేదు.

మొదటి సూది వేసిన రోజు వచ్చేస్తుంటే ఆవిడ, "గుర్తు పెట్టిందెవరమ్మా? సరిగ్గా పెట్టారే!" అంది.

"మా మావయ్య గారండీ" అన్నాను.

"ఓసారి తీసుకురండి, చూడాలి" అని నవ్వింది. నేను తలూపి వచ్చేశాను.

చెయ్యి లేచాక గోనెసంచి విప్పి మా ఆయన మళ్ళీ అద్దిన మొదటి దుప్పటి మూలన, మొట్టమొదటిసారి తన బొటనవేలు పటికలో ముంచి నొక్కారు. తండ్రి ఉండగా ఆ సాహసం చెయ్యలేదు. నేనే ఉడకబెట్టాను. గాటు లేని నిండు ముద్ర ఎర్రగా తేలితే, వీధిలో ప్రతి ఇంటికీ పట్టుకెళ్ళి చూపించాను. గర్వమా అంటే గర్వమే, ఎందుకు దాచాలి!

పాత గుడ్డ తగిలి ముద్ర అంటుకుందేమో అన్నారు కొందరు. ఆరి ఉడికిన ముద్ర అంటుకోదు. బనీను కుట్టేనాటికి మావయ్య గారు పోయి ఏడాది దాటింది. పటిక తగలందే ఆ ఎరుపు రాదు. నలభై ఏళ్ళు గంగాళం ముందు నిలబడినదాన్ని, అంతవరకు ఒట్టేసి చెబుతాను. ఆ పటిక చెయ్యి నా ఇంట్లోకి ఎప్పుడొచ్చి వెళ్ళిందో మాత్రం నాకు తెలియదు.