అత్త పోసిన గంజి

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వింటే మీకు నవ్వు రావచ్చు. అదంతా ఒక మరువం మొక్క గురించి. ఇంత చిన్నదానికి ఇంత బాధా అని నన్ను నేనే చాలాసార్లు మందలించుకున్నాను. లాభం లేకపోయింది.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో మగ్గం ఉంది. నేతకు ముందు పడుగు నూలుకు గంజి పెట్టడం మా అత్త పని. మిగిలిన గంజిని నీళ్లలో పలచగా కలిపి మొక్కలకు పోసేది. వాటిలో మరువమంటే ఆమెకు ప్రాణం. పెళ్లైన కొత్తలో పెద్దకడుబూరు నుంచి, వాళ్లమ్మ పెరట్లోని కొమ్మ తెచ్చి నాటుకుంది. ఇప్పుడు ఆ పెరడూ లేదు, వాళ్లమ్మా లేదు.

నాకేమో ఫోన్లో చూసిన పిచ్చి. హైడ్రోపోనిక్స్ అంటారు. మట్టి లేకుండా, మిద్దె మీద గొట్టాల్లో పారే నీళ్లలోనే మొక్కలు పెంచడం. పుదీనా బాగా వచ్చేసరికి పొగరు తలకెక్కింది. మరువాన్నీ మారుస్తానన్నాను. ఒక్క కొమ్మయినా కుండీలో ఉంచుదామని అత్త బతిమాలింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నాను? నా మాట నెగ్గాలని, అంతే. బకెట్లో వేళ్లకున్న మట్టి కడిగేస్తుంటే ఆమె పక్కనే కూర్చుంది. ఆ మట్టినీళ్లను పారబోయనివ్వక, తీసుకెళ్లి కరివేపాకు మొదట్లో పోసుకుంది.

మరువం నిలదొక్కుకుంది. నెల తర్వాత ఒక పొద్దున గొట్టాలు కడగడానికి, తొట్టిలోంచి వాటిలోకి నీళ్లు తోడే మోటారు ఆపాను. అంతలో ఆదోని బస్సుకు టైమైందని మా ఆయన కేకేశాడు. మా చెల్లెలి బిడ్డకు నామకరణం. మళ్లీ స్విచ్చి వేయడం మరిచాను. రెండు రోజులు మేమక్కడే, ఇంట్లో అత్త ఒక్కతే. అదీ నడి ఎండాకాలం.

తిరిగొచ్చి మిద్దెక్కితే అన్నీ మాడిపోయి ఉన్నాయి. స్విచ్చి చూడగానే అర్థమైంది. గబుక్కున వేశాను. గొట్టాల్లోంచి తెల్లటి నీళ్లు తొట్టిలోకి పడ్డాయి. గంజి. నా వెనకే అత్త మెట్లెక్కి వచ్చింది.

"వాడిపోతాండాయని గంజినీళ్లు పోసినాను పాపా. దాంతోనే సచ్చిపోయినాయా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"అవునత్తా. ఈ నీళ్లలో గంజి పోయగూడదు," అన్నాను.

"నా చేతులారా సంపుకొంటినే," అంటూ ఆమె కిందికి దిగిపోయింది.

ఆ రోజు నుంచి అత్త ఏ మొక్కనూ ముట్టదు. ఆదోని నుంచి వేరే మరువం తెచ్చి, మట్టిలోనే నాటాను. వాసన చూసి బాగుందంది. నీళ్లు పోయమంటే చేతులు కొంగులో దాచుకుంది. "వద్దులే పాపా, నా సెయ్యి మంచిది గాదు."

చెప్పాలని ఎన్నిసార్లు ఆమె పక్కన కూర్చున్నానో. వేరే ఏదో మాట్లాడి లేచి వచ్చేస్తాను. ఇన్నేళ్లూ ఎందుకు దాచావని అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, తిడితే పడవచ్చు, కానీ ఆమె అడగదు, తిట్టదు, నా వైపు ఒకసారి చూసి ఊరుకుంటుంది, ఆ చూపుకు భయపడే ఆమె చేతులకు ఆ పాపాన్ని అలాగే అంటించి ఉంచాను. ఇంతకన్నా పిరికితనం ఉంటుందా?

మోటారు ఆపింది నేను. వేయడం మరిచింది నేను. మీతోనే మొదటిసారి అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.

కింద అత్త మిగిలిన గంజిని మోరీలో పారబోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.